అరకు కొండల్లో 180 గంటలు

డిగ్రీలో నాలుగు క్రెడిట్ల కోసం ఊరిబాట పట్టే కొండపిల్లలు ఒకవైపు. వాళ్లు పుట్టకముందే సంఘాలు కట్టి నడుపుతున్న కొండ ఊళ్లు మరోవైపు. ఈ ఇద్దరూ కలిసే చోట ఏం జరుగుతోందో చూసొద్దాం రండి.

విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజరు శివలింగపురం దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస... స్టేషన్ల పేర్లు మారుతున్నకొద్దీ గాలి చల్లబడుతుంది. ఒక సొరంగం అయిపోయిందనుకునేలోపే ఇంకోటి. కొత్తవలస–కిరండూల్ లైనులో ఇలాంటివి 58 ఉన్నాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికి 1960లలో జపాన్ సాయంతోనే వేసిన దారి ఇది. శిమిలిగుడ దగ్గర రైలు 996 మీటర్ల ఎత్తు అందుకుంటుంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదని ఒకప్పుడు దానికి పేరు. 2017 నుంచి ఈ దారిలో అద్దాల బోగీ కూడా తిరుగుతోంది. అందులో కూర్చున్నవాళ్లు లోయల ఫొటోలు తీసుకుంటుంటే, మామూలు బోగీల్లో సంతకు వెళ్లే మూటలు, పుస్తకాల సంచులు, సెలవులకు ఇంటిదారి పట్టిన హాస్టల్ పిల్లలు. ఖనిజం కోసం పడిన ఈ దారే కొండ పిల్లలకు కాలేజీ దారి కూడా అయింది.

అరకులో దిగితే సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటాం. చుట్టూ అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట మండలాలు. పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కింద ఉన్న 11 మండలాల్లో ఇవి కొన్ని. 2022 ఏప్రిల్ నుంచి ఇదంతా అల్లూరి సీతారామరాజు జిల్లా. పర్యాటకులు పద్మాపురం తోట, చాపరాయి, గిరిజన మ్యూజియం చూసి తిరుగు రైలెక్కేస్తారు. కాస్త ఆగి అరకులోనో, పాడేరులోనో, చింతపల్లిలోనో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ వైపు నడిస్తే మరో సంగతి కనిపిస్తుంది. వేసవి సెలవులు వచ్చాయంటే మొదటి ఏడాది పూర్తిచేసిన పిల్లల చేతికి ఒక లాగ్‌బుక్, ఒక సర్వే ఫారం వస్తాయి. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020–21 నుంచి డిగ్రీ చదువులో తప్పనిసరి చేసిన పది నెలల ఇంటర్న్‌షిప్‌లో ఇది తొలి మెట్టు. పేరు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. పిల్లలందరికీ అది ‘సీఎస్పీ’.

నిబంధనలు చూస్తే ఆసక్తికరంగా ఉంటాయి. ఒక్కొక్కరు కనీసం 180 గంటలు పనిచేయాలి. ముందు ఊరి స్థితిగతులు సర్వే చేయాలి. తర్వాత తను చదివే సబ్జెక్టుకు దగ్గరగా ఉన్న ఒక సామాజిక పని ఎత్తుకోవాలి. వ్యవసాయం, తాగునీరు, ఆరోగ్యం, పశుపోషణ, పట్టుపురుగుల పెంపకం, గనులు, విద్యుత్తు అంటూ ఎంచుకోడానికి పెద్ద జాబితాయే ఉంది. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ వాళ్లు మామూలుగా చేసే కార్యక్రమాలనే మళ్లీ చేసి ఇదే ప్రాజెక్టు అంటే కుదరదు. రోజువారీ పని లాగ్‌బుక్‌లో రాయాలి, మెంటర్‌గా ఉన్న లెక్చరర్ సంతకం చేయాలి, చివర్లో నివేదిక, వైవా. వీటన్నిటి మధ్యా చదివేవాళ్లు పెద్దగా పట్టించుకోని ఒక వాక్యం ఉంది. విద్యార్థికి ఇచ్చే ఊరు వీలైనంతవరకు అతను ఉండే చోటికి దగ్గరగా, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేలా ఉండాలట. బస్సు ఖర్చులూ భద్రతా ఆలోచించి రాసిన మాట అది. మైదానంలో దాని అర్థం అంతవరకే. కొండల్లో మాత్రం అది కథనే తిరగేసింది. ఏజెన్సీ డిగ్రీ కాలేజీలో చదివే అమ్మాయి సర్వేకు వెళ్లే ఊరు చాలాసార్లు తన ఊరే, లేదంటే తన మేనత్త ఊరు. ఫారం పట్టుకుని గుమ్మం ముందు నిలబడింది బయటివాళ్లు కాదు, ఇంటిపిల్ల.

రాసుకోవడానికి వచ్చినవాళ్లు

ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ కొండల గురించి రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి విడదీసి కలెక్టరును ఏజెంటుగా నియమించారు. ‘ఏజెన్సీ’ అన్న పేరు అప్పటి నుంచే. ఆ తర్వాత శిస్తు లెక్కలు రాసుకునేవాళ్లు వచ్చారు, అడవి హద్దులు గీసేవాళ్లు వచ్చారు, జనాభా లెక్కలవాళ్లు వచ్చారు. రాసిన కాగితం కొండ దిగి వెళ్లిపోయేది. ఆ కాగితాల బలంతోనే పోడు ఆపారు, వెట్టి చేయించారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసే నాటికి, కాగితం పట్టుకొచ్చిన మనిషిని చూస్తే కొండ ఊరు జంకడంలో వింతేమీ లేదు.

అయితే చదువు చేతబట్టి మరో రకంగా వచ్చినవాళ్లూ ఉన్నారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు తనకొద్దనీ దానితో సవరలకు బడి పెట్టమనీ కోరారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. వాడుక భాషా ఉద్యమకారుడిగా ఆయన తెలుగువాళ్లందరికీ తెలుసు. తెలుగు కాని భాష కోసం ఆయన పడిన పాటు గురించి చెప్పుకునేది తక్కువ. ఊరి దగ్గర నేర్చుకున్నది ఊరికే తిరిగి ఇవ్వాలన్న పద్ధతికి మన దగ్గర దొరికే తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

అరకు ప్రాంతానికే వస్తే భద్రిరాజు కృష్ణమూర్తి పేరు చెప్పుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపక జీవితం మొదలుపెట్టిన ఆయన ఈ కొండల్లో కొండదొరలు మాట్లాడే కొండ భాషను, దాన్నే కూబి అంటారు, శాస్త్రీయంగా నమోదు చేశారు. కథలు, వ్యాకరణం, పదకోశంతో ఆ పుస్తకం 1969లో హైదరాబాదులోని గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ నుంచి వెలువడింది. లిపి లేని ఒక ద్రావిడ భాష ప్రపంచ భాషాశాస్త్రవేత్తల బల్ల మీదికి అలా చేరింది. ఈ లోయలో వినిపించేది అదొక్కటే కాదు. కొండుల కువి, గదబల గుతోబు, వీళ్లందరూ సంతలో ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికి వాడే ఆదివాసీ ఒడియా, వీటి పక్కన తెలుగు. కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులు చెప్పే పథకం 2004లో మొదలైంది. సీఎస్పీ ఫారం తెలుగులోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. ముసలమ్మ మాత్రం కువిలో జవాబిస్తుంది. మధ్యలో దుబాసీ అక్కర్లేకుండా రెండూ తెలిసినది ఆ ఇంటిపిల్లకే.

విద్యార్థులను జనం మధ్యకు పంపాలన్న ఆలోచన మాత్రం ఈ కొండలకంటే చాలా దూరంలో పుట్టింది. 1884లో లండన్ తూర్పు పేటల్లో టోయిన్‌బీ హాల్ తెరిచినప్పుడు ఆక్స్‌ఫర్డ్ యువకులు అక్కడి కార్మికుల నడుమ కాపురం పెట్టారు. 1922లో రవీంద్రుడు శ్రీనికేతన్‌లో ఊరి పునర్నిర్మాణాన్ని విద్యలో భాగం చేశారు. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, వారం రోజుల క్యాంపు. రోడ్లు వేసి, మొక్కలు నాటి, పల్లెలో వారం పడుకుని వచ్చిన జ్ఞాపకం తెలుగునాట కొన్ని తరాలకు ఉంది. 2014 నవంబర్‌లో కేంద్రం ఉన్నత భారత్ అభియాన్ ప్రారంభించి, ఒక్కో విద్యాసంస్థ ఐదేసి ఊళ్లను దత్తత తీసుకోవాలంది. వీటిలో ఎక్కువవాటిలో విద్యార్థి ఊరికి అతిథి. ఏజెన్సీ సీఎస్పీలో విద్యార్థి ఊరి మనిషి. తేడా అక్కడే.

ఊట దగ్గర బకెట్

ఆ తేడా పనిలో ఎలా కనిపిస్తుందో చూడాలంటే ఊట దగ్గరకు నడవాలి. తూర్పు కనుమల్లో చాలా ఊళ్లకు తాగునీరు బోరుబావి నుంచి రాదు. కొండ పైభాగంలో రాళ్ల సందున ఏడాది పొడవునా ఊరే నీరు గెడ్డగా కిందికి పారుతుంది. ఆ ఊట చుట్టూ చిన్న తొట్టి కట్టి, ఇసుక, గులకరాళ్లతో వడపోసి, గొట్టం వేసి ఊరికి దింపితే చాలు. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. ఊట ఊరికంటే ఎత్తులో ఉండటమే దాని ఇంధనం. విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి లాంటి స్వచ్ఛంద సంస్థలు ఇలాంటి పథకాలను ఏజెన్సీలో ఊరూరా కట్టించాయి. ఊరివాళ్లు గొట్టం పాతడానికి చెమటోడుస్తారు, కుళాయి పాడైతే బాగుచేయడం నేర్చుకుంటారు, ఊట పైన చెట్లు కొట్టకూడదని కట్టుబాటు పెట్టుకుంటారు. దూరం నుంచి చూస్తే ఒక సిమెంటు దిమ్మ, ఒక కుళాయి. దగ్గరికెళితే ఒక చిన్న నీటి ప్రభుత్వం.

ఇక్కడ డిగ్రీ విద్యార్థి చేయగల పనికి ల్యాబొరేటరీ అవసరం లేదు. గొట్టం కింద 15 లీటర్ల బకెట్ పెట్టాలి, ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కాలి. బకెట్ నిమిషంలో నిండిందనుకోండి. రోజుకు 21,600 లీటర్లు. జలజీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు కావాలి. అంటే దాదాపు 390 మందికి సరిపోయే ఊట. అదే బకెట్ నిండడానికి మూడు నిమిషాలు పట్టిందనుకోండి. రోజుకు 7,200 లీటర్లే. 130 మందికి మించి చాలదు. రెండు వందల మంది ఉన్న ఊరైతే తొట్టి పెద్దది కట్టి రాత్రి నీరు నిల్వ చేసుకున్నా లోటు తప్పదు, రెండో ఊట వెతుక్కోవాల్సిందే. అయిదో తరగతి గుణకారాలతో తేలే లెక్క ఇది. కానీ ఆ అంకె కాగితం మీద లేకపోతే ఊరివాళ్లు గ్రామ సచివాలయంలో ‘నీళ్లు చాలడం లేదు’ అని మాత్రమే చెప్పగలరు. అంకె ఉంటే ఎన్ని లీటర్లు తక్కువో చెప్పగలరు. అర్జీ బరువు అక్కడ మారుతుంది.

ఈ కొలతకు వేసవి సరైన కాలం కావడం యాదృచ్ఛికమే. కాలేజీకి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. ఊటలు సన్నబడేదీ అప్పుడే. ఊట ఎంత ఇవ్వలేదో తెలియాలంటే ఆ రోజుల్లోనే కొలవాలి. అయితే అదే వేసవి కొన్నింటిని దాచిపెడుతుంది కూడా. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్లు వేటకు అడవి పడతారు, ఆడవాళ్లు దారుల మీద అడ్డుకట్ట వేసి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండగ డబ్బులు వసూలు చేస్తారు. ఆ రోజుల్లో ఇంటికి వెళ్లి ఫారం నింపమంటే ఎవరూ దొరకరు. అడ్డాకులు, చింతపండు సేకరణకు పొద్దున్నే అడవికి వెళ్లిన తల్లులు పొద్దువాలాకే వస్తారు. కాఫీ కోతలు నవంబర్ నుంచి జనవరి దాకా, వలిసె పూలు లోయంతా పసుపు పరిచేది కూడా చలికాలంలోనే. వేసవిలో వచ్చి ఏడాది ఆదాయం అడిగితే సగం జవాబే దొరుకుతుంది. ఏ ఊరి క్యాలెండరు ఆ ఊరిదే. దాన్ని చూసుకుని పని ఎంచుకున్న జట్టుకు 180 గంటలు చాలానే అక్కరకొస్తాయి.

తోటల్లో సంఘం

ఊట నుంచి కిందికి దిగితే సిల్వర్ ఓక్ చెట్ల నీడ, చెట్టు మొదలంటా పాకిన మిరియాల తీగ, దాని కింద భుజమెత్తు కాఫీ మొక్కలు. ఇక్కడి కాఫీ ఇప్పుడు లోకప్రసిద్ధం. 1998లో డాక్టర్ కె.అంజిరెడ్డి చొరవతో హైదరాబాదులో పుట్టిన నాంది ఫౌండేషన్ ఈ లోయలో గిరిజన రైతులతో పనిచేయడం మొదలుపెట్టాక చిన్న కమతాల రైతులు పరస్పర సహాయక సహకార సంఘంగా ఏర్పడ్డారు. ప్రభుత్వ జోక్యం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలకు 1995లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టం అందుకు దారిచ్చింది. 2009 నుంచి ‘జెమ్స్ ఆఫ్ అరకు’ పేరుతో విదేశీ నిపుణులు వచ్చి రైతుల కాఫీని రుచిచూసి మార్కులు వేసే పోటీ జరుగుతోంది. 2017లో అరకు పేరుతోనే పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకోవైపు 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, అటవీ ఫలసాయంతోపాటు కాఫీనీ కొంటోంది. కార్బన్ నిధుల పెట్టుబడితో ఇదే లోయలో గిరిజన రైతులు 30 లక్షల పండ్ల మొక్కలు, నీడ చెట్లు నాటారు. చోడి అంబలి తాగి తోటకు బయల్దేరే రైతు పేరు మీద ఇంత వ్యవహారం నడుస్తోంది.

తోటలో జరిగే పని చూస్తే విద్యార్థికి చోటెక్కడో తెలుస్తుంది. ఎర్రగా పండిన పండ్లనే ఏరి కోయాలి. ఆకుపచ్చ కాయ ఒక్కటి కలిసినా రుచి చెడుతుంది. కోసిన రోజే పైతోలు ఒలవాలి, జిగురు పోయేదాకా నానబెట్టి కడగాలి, పలచగా పరిచి ఎండబెట్టాలి. ఐదారు కిలోల పండ్లు కోస్తే ఒక కిలో పచ్చి గింజ మిగులుతుంది. ఈ నిష్పత్తి తెలియని రైతుకు పండ్ల ధర బాగుందో, ఎండిన గింజ ధర బాగుందో తేల్చుకోవడం కష్టం. కామర్స్ చదివే విద్యార్థి తన మేనమామ తూకం చీటీలు ముందేసుకుని ఈ లెక్క కట్టి చూపిస్తే, అది తరగతిలో నేర్చుకున్న కాస్ట్ అకౌంటింగే. బోటనీ విద్యార్థి నీడచెట్టు చుట్టుకొలతను రొమ్ము ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, టేపుతో కొలిచి రాస్తే, చెట్టులో ఎంత కార్బన్ ఉందో అంచనా వేసే పెద్ద లెక్కలకు మొదటి అడుగు అదే. 2025లో అరకు మండలంలో కాఫీ కాయ తొలిచే పురుగు బయటపడింది. పురుగు పట్టిన కాయలు కోయించి, మరుగునీళ్లలో ముంచి, గోతుల్లో పూడ్పించారు. కాయ కొనన సూదిమొనంత రంధ్రాన్ని బట్టి పురుగు జాడ పట్టాలి. అలాంటప్పుడు చెట్టు చెట్టుకూ తిరిగి చూడగల కళ్లు ఊళ్లోనే ఉండటం ఎంత అవసరమో అందరికీ తెలిసొచ్చింది.

వ్యవసాయ డిగ్రీ వాళ్లకైతే ఈ ఊరి వాసం కొత్తది కాదు. 1992లో రంధావా కమిటీ సిఫారసు చేశాక దేశమంతటా బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది విద్యార్థులు కొన్ని వారాలు ఊళ్లో రైతు వెంట ఉండి దుక్కి నుంచి కోత దాకా నేర్చుకునే పద్ధతి స్థిరపడింది. దాన్ని ‘రావే’ అంటారు. చింతపల్లిలో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానం ఈ ఎత్తైన గిరిజన ప్రాంతం కోసమే పనిచేస్తోంది. సామలు, చోళ్లు, వలిసెలు, రాజ్‌మా, పసుపు, పిప్పళ్లు... మైదానంలో పాఠంగా చదివిన పంటలు ఇక్కడ కొండవాలు మీద కళ్లెదుట కనిపిస్తాయి. ఒకే పొలంలో ఐదారు రకాల గింజలు కలిపి చల్లే రైతు ఎందుకలా చేస్తాడో అడిగి రాసుకోవడం విద్యార్థి చదువు. ఏ వాన తప్పినా ఏదో ఒకటి చేతికొస్తుందన్న లెక్క రైతుది. ఇక్కడ పాఠం చెప్పేది రైతే.

బొర్రా నుంచి సుప్రీంకోర్టుకు

సామాజిక సంస్థలు ఎంత దూరం వెళ్లగలవో చెప్పే పెద్ద కథ అరకు దారిలోనే, బొర్రా గుహల చుట్టూ ఉంది. గుహలు చూసి వెనక్కి వచ్చేవాళ్లకు అనంతగిరి మండలంలోని ఈ పంచాయతీ పేరు మన న్యాయశాస్త్ర పుస్తకాల్లో ఎందుకుందో తెలియదు. ఇక్కడి ఊళ్ల కింద సున్నపురాయి, ఇతర ఖనిజాలు ఉన్నాయి. వాటిని తవ్వుకోడానికి ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ గిరిజనులతో కలిసి కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు మాత్రం చరిత్ర అయింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదన్న చట్టం, ఇక్కడివాళ్లు ‘1/70’ అని పిలిచేది, ప్రభుత్వానికీ వర్తిస్తుందని, గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులు చెల్లవని కోర్టు తేల్చింది. గని తవ్వకంలో వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి, అక్కడి జనం బాగుకు పక్కన పెట్టాలని కూడా చెప్పింది.

ఈ తీర్పు వెనుక సర్వే ఫారాలే ఉన్నాయని చెప్పలేం గానీ, ఒకటి మాత్రం నిజం. ఎవరి భూమి ఎక్కడుంది, ఎన్నాళ్లుగా ఎవరు దున్నుతున్నారు, పట్టా ఎవరి పేరున ఉంది అన్న వివరాలు ఊరి చేతిలో లేకపోతే ఇలాంటి కేసు ఒక అడుగు కూడా ముందుకు పడదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం గ్రామసభ మాటకు విలువ ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమి హక్కు పత్రాలకు దరఖాస్తును మొదట చూసే అధికారం గ్రామసభకే ఇచ్చింది. అంటే ఇప్పుడు చట్టం కూడా ఊరి దగ్గర కాగితం ఉందా అని అడుగుతోంది. సర్వే ఫారం పాత అనుమానాన్ని వదిలించుకుని ఊరికి పనికొచ్చే చోటు ఇదే. సేకరించిన వివరం గ్రామసభలో చదివి వినిపిస్తే, తప్పులుంటే ఊరివాళ్లే దిద్దితే, ఆ కాగితం ఊరిదవుతుంది.

గంటలు అయిపోయాక

ఇంత మంచి కథలో చిక్కు లేదా అంటే ఉంది. విద్యార్థి నివేదిక కాలేజీకి వెళుతుంది, వైవా జరుగుతుంది, మార్కులు మెమోలో పడతాయి. అక్కడితో ఫైలు మూసుకుంటుంది. ఊరికి ఒక నకలు ఇవ్వాలన్న పట్టింపు ఎవరికీ ఉండదు. తర్వాత ఏడాది మరో విద్యార్థి అదే ఊరికి వెళ్లి, ఎన్ని మేకలున్నాయి, మరుగుదొడ్డి ఉందా, ఆదాయమెంత అని మొదటి నుంచి అడుగుతుంది. మళ్లీ రాసుకోడానికి వచ్చారా అని విసుక్కునే ఇళ్లు అందుకే ఉంటాయి. తన ఊరిపిల్లే అయినా ఆ విసుగు న్యాయమైనదే. ఊరు వందసార్లు చెప్పింది. డోలీలో గర్భిణిని మోసుకెళ్లే బాట గురించి, ఎండాకాలంలో నీళ్ల గురించి చెబుతూనే ఉంది. వినడానికి వచ్చిన ప్రతివాళ్లకీ కొత్తగా చెప్పాల్సి రావడమే బాధ. రోడ్ల విషయానికే వస్తే, 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ‘అడవితల్లి బాట’ పేరుతో ఏజెన్సీ ఊళ్లకు రోడ్ల పథకాన్ని డుంబ్రిగూడ మండలం పెదపాడులో ప్రారంభించింది. దారి లేని ఊళ్ల నుంచి ఆసుపత్రికి ఎన్ని గంటలు పడుతోందో నడిచి, సమయం వేసి రాసిన లాగ్‌బుక్‌లు ఇలాంటి పథకంలో ఏ ఊరు ముందు రావాలో తేల్చడానికి అక్కరకొస్తాయి. కాలేజీ బీరువాలో ఉంటే రావు.

కొండల్లో చూసినకొద్దీ తేలేది ఒకటే. సెలవులతోపాటు వెళ్లిపోయే విద్యార్థి పని నిలబడాలంటే, ఊళ్లో ఉండిపోయే సంస్థ దాన్ని చేతిలోకి తీసుకోవాలి. కాఫీ రైతుల సహకార సంఘం, ఊట కమిటీ, పొదుపు సంఘం, గ్రామసభ, సచివాలయం... ఏదో ఒకటి. బకెట్ లెక్క ఊట కమిటీ పుస్తకంలోకి ఎక్కితేనే పనికొస్తుంది. తూకం చీటీల లెక్క సంఘం సమావేశంలో నలుగురూ విన్నాకే ధర అడిగే ధైర్యంగా మారుతుంది. విద్యార్థి తెచ్చేది లెక్క, భాష, ఓపిక. సంఘం ఇచ్చేది కొనసాగింపు. నిబంధనల్లో గ్రామ సచివాలయంతో కలిసి పనిచేయమన్న సూచన ఉంది. ఊళ్లో అప్పటికే ఉన్న సంఘాన్ని వెతికి పట్టుకుని, దానికి ఏ వివరం కావాలో ముందే అడిగి పని మొదలుపెట్టే తెలివి మాత్రం విద్యార్థిదీ, మెంటర్‌దీ.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. విశాఖ నుంచి అరకు రోడ్డు దారిన సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట, అనంతగిరి ఘాట్ మీదుగా ఆర్టీసీ బస్సులు వెళతాయి. పొద్దుటి కిరండూల్ పాసింజరు సుమారు నాలుగు గంటల్లో చేరుస్తుంది. అద్దాల బోగీకి ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి. బొర్రా గుహలకు అదే పేరుతో స్టేషన్ ఉంది. గిరిజన మ్యూజియం, పక్కనే కాఫీ మ్యూజియం అరకు ఊళ్లోనే ఉన్నాయి. కాఫీ పూత మార్చి, ఏప్రిల్‌లలో, కోత చలికాలంలో. డిసెంబర్, జనవరిలో వెళ్లేవాళ్లు ఉన్ని బట్టలు మరవొద్దు. బయటి కాలేజీల నుంచి జట్టుగా వచ్చి ఊళ్లలో పనిచేయాలనుకునేవాళ్లు ముందుగా పాడేరు ఐటీడీఏ కార్యాలయంలో మాట్లాడటం, తర్వాత ఆ ఊరి సర్పంచ్, సచివాలయం వారికి చెప్పి గ్రామసభ ఒప్పుకోలు తీసుకోవడం పద్ధతి. చాలా ఊళ్లలో ఫోను సిగ్నల్ అందదు కాబట్టి ఫారాలు కాగితం మీదే తెచ్చుకోవడం మేలు. అడగకుండా ఎవరినీ ఫొటో తీయొద్దు. సంత రోజు ఊళ్లో ఎవరూ ఉండరు, కాబట్టి ఆ రోజు మీరూ సంతకే వెళ్లండి. అందరూ అక్కడే దొరుకుతారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 ఏప్రిల్ 26న పుట్టింది. నూరేళ్లలో ఈ కొండల మీద అక్కడ ఎన్నో పరిశోధనలు జరిగాయి. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమూ వచ్చింది. పెద్ద సంస్థలు చేయగలిగిన పని పెద్దది. అయితే ఒకే ఊటను ఏటా మే నెలలో అదే బకెట్‌తో కొలిచే పని మాత్రం ఆ ఊరిపిల్లలే చేయగలరు. ఒక్కొక్కరికి ఉన్నది 180 గంటలే. ఒకే ఊరికి ఐదేళ్లు వరుసగా ఒక్కొక్కరు వెళితే 900 గంటలవుతాయి. ఐదు వేసవుల నీటి లెక్క, ఐదు కోతల ధరల లెక్క ఒకే చోట ఉన్న ఊరు ఏ ఆఫీసు ముందైనా గట్టిగా నిలబడి మాట్లాడగలదు. కాబట్టి వచ్చే వేసవిలో ఊరికి వెళ్లే జట్టు అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పోయిన వేసవి ఫారాలు ఎక్కడున్నాయి?